అర్థం చెప్పమంటే...

మా క్వార్టర్ల వెనక గట్టుమీద పిల్లలు చేరి, వాచకంలో మాటలకి అర్థాలు వల్లె వేసుకుంటున్నారు. వూరికే సరదాకి, "ఉక్కునగరం అంటే ఏమిట్రా?" అని అడిగాను. రెండో తరగతి బుడతడొకడు తడుముకోకుండా "ఉక్కపోసే నగరం" అన్నాడు. మే నెల సాయంత్రం. సముద్రంమీంచి వచ్చే తేమగాలికి ఒళ్లంతా జిడ్డోడుతోంది. నా చీరకొంగు అప్పటికే విసనకర్ర అవతారం ఎత్తింది. వాడు చెప్పిన అర్థాన్ని కాదనడానికి నాకు నోరు రాలేదు. వాళ్లక్క మాత్రం వూరుకోలేదు. "ఉక్క కాదురా, ఉక్కు! ఉక్కంటే స్టీలు" అని దిద్దింది. "స్టీలంటే?" అన్నాడు వాడు. "నీ టిఫిను డబ్బా" అంది.

వాడికి తృప్తి అయింది. నాకే, ఆ రాత్రి వంట చేస్తూ కూడా ఆ సంభాషణ వదల్లేదు. ఆ పిల్ల మొదట ఒక మాటకి ఇంకో మాట చెప్పింది. తమ్ముడికి ఎక్కలేదు. తరవాత మాట మానేసి వస్తువు చూపించింది. ఎక్కింది. మీ ఇళ్లల్లోనూ గమనించే వుంటారు. పిల్లలు మాటకి అర్థం చెప్పరు, ఉదాహరణ చెబుతారు. "బెంగ అంటే?" అని అడిగి చూడండి. "దిగులు, విచారం" అనరు. "అమ్మమ్మ రైలెక్కిపోయినప్పుడు వస్తుంది చూడు, అది" అంటారు. వాళ్ల నిఘంటువులో ప్రతి మాటకీ ఒక "అప్పుడు" వుంటుంది, ఒక మనిషి వుంటుంది.

ఇలాంటి పిల్లలు మన సాహిత్యంలో ఎక్కడెక్కడ వున్నారు, మన రచయితలు వాళ్లనెలా విన్నారు అన్నదే ఈ వారం నేను మాట్లాడదలుచుకున్న సంగతి. పిల్లల ముద్దుమాటల ముచ్చట అనుకుని పేజీ తిప్పెయ్యకండి. పిల్లవాణ్ణి మాటకి అర్థం అడగడంలో పెద్దవాళ్ల బండారం బయటపడినంతగా మరెక్కడా పడదు.

మొదట మా విజయనగరం వెళదాం. మా అనడానికి నాకు హక్కుంది లెండి. ఉక్కునగరం గేటు దగ్గర బస్సెక్కితే పూట తిరిగేలోగా వెళ్లి రావచ్చు. గురజాడవారి "కన్యాశుల్కం" అక్కడ 1892లో మొదటిసారి ఆడారు. మనందరం ఇవాళ చదువుకునే రూపం 1909 నాటిది. గిరీశం గురించీ మధురవాణి గురించీ రాసినంత మన విమర్శకులు వెంకటేశం గురించి రాయలేదు. పాపం, పరీక్ష తప్పిన కుర్రాడు కదా అని వదిలేశారు కాబోలు. నా మటుకు నాకు ఆధునిక తెలుగు సాహిత్యంలో కొత్త మాటలు నేర్చుకుని ఇంటికొచ్చి అప్పజెప్పిన మొదటి పిల్లవాడు వాడే.

రెండో అంకం గుర్తుందా? కొడుకు ఇంగ్లీషు వినాలని తల్లి వెంకమ్మకి ముచ్చట. గురుశిష్యులు ఎదురెదురుగా నిలబడి, పాఠాల్లోనించి నోటికొచ్చిన ఇంగ్లీషు ముక్కలు ఒకరిమీదికొకరు విసురుకుంటారు. ఒక ముక్కకీ ఇంకో ముక్కకీ చుట్టరికం లేదు. ఆ తల్లి పొంగిపోతుంది. మనం నవ్వుతాం. నవ్వుతాంగాని, ఆ వెంటనే వచ్చే ఘట్టం నవ్వుకోసం రాసింది కాదు. మేనమామ కరటకశాస్త్రి తెలుగు పద్యం చదవమంటే వెంకటేశం గడగడా చదివేస్తాడు. అందులో ఒక పెద్ద సమాసం పట్టుకుని అర్థం అడిగితే నోరు పెగలదు. గిరీశం మధ్యలో జొరబడి శిష్యుణ్ణి వెనకేసుకొస్తాడు.

చూడండి, ఇంగ్లీషు రాకపోవడం వింత కాదు. అది పరాయి భాష. తెలుగు పద్యం కూడా వాడికి ఆ ఇంగ్లీషులాగే వుందన్నది గురజాడ పెట్టిన చురక. రెండు భాషల్లోనూ వెంకటేశానికి మాటలున్నాయి, అర్థాలు లేవు. అర్థం చెప్పమని అడిగినవాడు కూడా నాటకాల్లో వేషాలు కట్టే మేనమామే తప్ప, బళ్లో అయ్యవారో జీతం కట్టిన తండ్రో కాదు. ఆ సంగతి గురజాడ పైకి చెప్పలేదు. పాత్రల్ని అలా నిలబెట్టి వూరుకున్నాడు.

వెంకటేశం వారసుల్ని చూడాలంటే ఎంతో దూరం పోనక్కర్లేదు. మీ పిల్లల వాచకం తీసి పాఠం చివర అర్థాల పట్టిక చూడండి. మాట ఎడమ పక్క, అర్థం కుడి పక్క, మధ్యని రెండు గీతలు. తెలియని మాటకి తెలిసిన మాట చెప్పాలి గదా అర్థమంటే? చాలాచోట్ల తెలియని మాటకి ఇంకో తెలియని మాట కాపలా కాస్తూంటుంది. "సమీరం" అంటే "మారుతం" అని రాసిస్తే పిల్లవాడు రెండూ బట్టీపట్టి, కిటికీలోంచి వచ్చే గాలికీ ఆ రెంటికీ సంబంధం వుందని తెలియకుండానే నూటికి తొంభై తెచ్చుకోగలడు. తల్లిదండ్రులు వెంకమ్మలాగే మురిసిపోతారు. వెంకమ్మకి చదువు లేదు, మనం డిగ్రీలు చదివినవాళ్లం. తేడా అంతే.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఈ అలవాటు మనకి ఆకాశంలోంచి వూడిపడలేదు. మన తాతముత్తాతలు అమరకోశం వల్లె వేశారు. ఒక్క వస్తువుకి ఎన్ని పేర్లున్నాయో వరసగా శ్లోకాల్లో పేర్చిన పుస్తకం అది. కావ్యాలు చదవబోయే కుర్రవాడికి అది అక్కరకొచ్చేది. వాడికి తామరపువ్వు ఏమిటో ముందే తెలుసు. చెరువు వీధి చివరే వుంది. దానికి కవులు పెట్టుకున్న పేర్లు తెలియాలి, అంతే. ఇవాళ మా సెక్టారు పిల్లల్లో చాలామంది తామరపువ్వుని సెల్‌ఫోనులోనే చూశారు. వస్తువు ముందు, పేర్లు తరవాత అన్న వరస తిరగబడి, పేర్లే మిగిలాయి. పద్ధతి మాత్రం అదే.

ఈ చిక్కుని మొదట గట్టిగా పట్టుకున్నది కూడా ఈ ప్రాంతపు వాళ్లే. 1906 ప్రాంతంలో ఉత్తరకోస్తా బళ్లకి తనిఖీ అధికారిగా యేట్సు అనే దొర వచ్చాడు. తాను తెలుగు నేర్చుకుంటూ, జనం మాట్లాడేది ఒకటీ పుస్తకాల్లో వుండేది ఒకటీ ఎందుకైందని తెల్లబోయాడు. విశాఖపట్నం ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారూ, గురజాడా, పర్లాకిమిడిలో పంతులుగా వున్న గిడుగు రామమూర్తిగారూ కలిశారు. వ్యావహారిక భాషోద్యమం అని మనం పెద్ద పేరుతో పిలిచేదానికి మొదలు అక్కడ. దాన్ని పండితుల జగడంగానే చదువుకుంటాం మనం. నేనైతే దాన్ని బల్లమీద కూచున్న పిల్లవాడి తరఫున నడిచిన వ్యాజ్యంగా చదువుతాను. పుస్తకం తెరిస్తే తన మాట తనకి కనబడాలి అన్నదే కదా వాది కోరిన తీర్పు!

గిడుగువారు అక్కడితో ఆగలేదు. మన్యంలో సవరల భాష నేర్చుకున్నారు. లిపి లేని భాష, నిఘంటువు లేని భాష. అంటే, మాటకి అర్థం ఇంకో పుస్తకంలో వెతుక్కునే వీలే లేదు. మనుషుల్ని అడగాలి, వాళ్లు చూపించింది చూడాలి. ఏళ్ల తరబడి అలా కూర్చిన శ్రమంతా 1931లో వ్యాకరణంగానూ 1938లో సవర - ఇంగ్లీషు నిఘంటువుగానూ వచ్చింది. సవర పిల్లలకోసం వాళ్ల భాషలోనే పాఠాలు రాశారు. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజుని తెలుగు భాషా దినోత్సవమని చేసుకుంటాం. ఆ రోజున బళ్లల్లో పిల్లలచేత బరువైన సమాసాలతో ఉపన్యాసాలు బట్టీపట్టించడం చూస్తే, ఆ పెద్దాయన ఏమనుకునేవారో అనిపిస్తుంది.

ఇక బుడుగు దగ్గరికి వద్దాం. ఇంతసేపూ వాడి పేరెత్తలేదేమని మీలో కొందరికి కోపం వచ్చే వుంటుంది. ముళ్లపూడి వెంకటరమణగారు యాభైల్లో ఆంధ్ర సచిత్ర వారపత్రికలో రాశారు. బాపుగారు బొమ్మ గీశారు. ఆ జుట్టూ ఆ లాగూ చూడకుండా వాడి మాట వినడం ఇవాళ ఎవరి తరమూ కాదు. ఇద్దరూ వెళ్లిపోయారు, రమణ 2011లో, బాపు 2014లో. బుడుగు మాత్రం ఇంకా బడి ఎగ్గొడుతూనే వున్నాడు.

వెంకటేశానికి బుడుగు సరిగ్గా ఎదురు. వాడికి మాటలుండి అర్థాలు లేవు. వీడికి అర్థాలన్నీ వున్నాయి, మాటలే పెద్దవాళ్లవి కావు. శ్రీ జ్ఞాన ప్రసూనాంబ వీడి నోట్లో పడి సీగాన పెసూనాంబ అయింది. మొగుడు ముగుడయ్యాడు. తిట్టవలసి వస్తే వున్న తిట్లు చాలక "జాఠర్ ఢమాల్" అని సొంతంగా ఒకటి తయారు చేసుకున్నాడు. దానికి అర్థం ఏ నిఘంటువులోనూ లేదు, అయినా తెలియని తెలుగువాడు లేడు. మాటకి అర్థం ఎక్కణ్ణించి వస్తుందో చెప్పడానికి భాషాశాస్త్రజ్ఞులు పుస్తకాలు రాస్తారు. రమణ ఒక్క తిట్టుతో చెప్పాడు. వాడి గొంతు, వాడి కోపం, ఎదురుగా వున్న ప్రయివేటు మేష్టారి మొహం, ఇవన్నీ కలిసి ఆ మాటకి అర్థం.

ఇంకో సంగతి. బుడుగు తల్లిదండ్రుల్ని రాధ అనీ గోపాళం అనీ పేర్లతో చెబుతాడు. అది పొగరు అనుకునేవారు అనుకోవచ్చు. నా లెక్కన అది నిఘంటుకారుడి నిష్పక్షపాతం. ఇంట్లో వున్న ప్రతి వస్తువునీ ప్రతి మనిషినీ కొత్తగా చూసి, ఇది ఇందుకు, వీళ్లు ఇలాంటప్పుడు ఇలా చేస్తారు అని విప్పి చెప్పడమే వాడి పని. పెద్దవాళ్లు ఒక మాటని ఒకచోట ఒకలాగా, ఇంకోచోట ఇంకోలాగా వాడి తప్పించుకుంటారు. బుడుగు దగ్గర ఆ పప్పులుడకవు. ఒకసారి చెప్పిన అర్థాన్ని వాడు నమ్మి, మర్నాడు కూడా అదే అర్థంతో వస్తాడు. నవ్వంతా అక్కడ పుడుతుంది. నవ్వుతున్నది వాడిమీద కాదనీ మనమీదేననీ రెండో పేజీకి తెలుస్తుంది.

అమెరికాలో 1952లో రూత్ క్రాస్ అనే ఆవిడ పిల్లలు చెప్పిన అర్థాలు పోగుచేసి ఒక చిన్న పుస్తకం వేసింది. మారిస్ సెండాక్ బొమ్మలు గీశాడు. పుస్తకం పేరే ఒక అర్థం. గొయ్యి దేనికంటే తవ్వడానికి, అని! ఏ వస్తువు చెప్పినా, అది దేనితో చేశారు అని కాక, నేను దాంతో ఏం చేస్తాను అన్న లెక్కనే పిల్లలు చెబుతారని ఆవిడ పట్టుకుంది. రష్యాలో కొర్నేయ్ చుకోవ్‌స్కీ అంతకు ముందే, రెండేళ్లనించి అయిదేళ్ల లోపు పిల్లల మాటలమీద పెద్ద పుస్తకమే రాశాడు. పిల్లలు భాషని పెద్దవాళ్లనించి అప్పు తెచ్చుకోరనీ, తమకు తాము కట్టుకుంటారనీ చెప్పాడు. ఇవి రెండూ అందమైన పుస్తకాలే. అయితే క్రాస్ పుస్తకంలో పిల్లలూ వాళ్ల వస్తువులూ తప్ప పెద్దవాళ్లకి పెద్దగా చోటు లేదు. లోకం అంతా ఎండకాచిన పెరడు. బుడుగు లోకంలో పెద్దవాళ్లు పక్కనే వుంటారు. ఒక్కోసారి తంతారు కూడా. అందుకే ఆ పుస్తకం చదివితే మనసు హాయిగా వుంటుంది, బుడుగు చదివితే నవ్వుతూనే కొంచెం సర్దుకుని కూచుంటాం. నాకు బుడుగే ఎక్కువ.

అలాగని విమర్శ మానేస్తానా? బుడుగుకి తెలిసిన మాటలన్నీ ఇంట్లోవీ వీధిలోవీ. వాళ్ల గోపాళం ఆఫీసుకి వెళతాడు, వస్తాడు. ఆ ఆఫీసులో ఏం జరుగుతుందో, జీతం అనే మాట వెనక ఏముందో వాడికి పట్టదు. పట్టనక్కర్లేని ఇల్లు అది. దానికి రమణని తప్పు పట్టను. ఆయన చూసిన ఇంటిని ఆయన రాశాడు. నా ఫిర్యాదు తరవాత వచ్చినవాళ్లమీద. బుడుగు తరవాత మన కథల్లో, సీరియల్సులో, సినిమాల్లో పిల్లవాడంటే రెండే రకాలు. ఒకరకం వత్తులు పలక్కుండా ముద్దుముద్దుగా మాట్లాడి అతిథుల్ని నవ్విస్తాడు. రెండోరకం చివరి ఎపిసోడులో అమ్మానాన్నల్ని కూచోబెట్టి జీవితం అంటే ఏమిటో, ప్రేమ అంటే ఏమిటో గుండెలు పిండేలా నిర్వచిస్తాడు. రెండోవాడితో మరీ కష్టం. నిజం పిల్లలెవరూ నిర్వచనాలు చెప్పరు. అలా చెప్పేది రచయిత. పిల్లవాడి లాగూ తొడుక్కుని వచ్చాడన్నమాట. లాగూ చాలక కుట్లు పిగులుతున్నా చూసుకోడు.

పిల్లవాడి నోట ఒక్క నిర్వచనం కూడా చెప్పించకుండా వాడికి మాట అర్థం తెలుసునని మనకి తెలియజెయ్యడం ఎలాగో చూడాలంటే మళ్లీ విజయనగరమే పోవాలి. చాసోగారి "ఎందుకు పారేస్తాను నాన్నా" కథలో కృష్ణుడికి చదువు అనే మాటకి అర్థం ఎవరూ చెప్పలేదు. బడి మాన్పించారు, అంతే. చుట్టలు కొనుక్కు రమ్మని తండ్రి పంపితే, దారిలో తోటిపిల్లల కంట పడాలంటే వాడికి ప్రాణం పోతుంది. ఆ సిగ్గులో వుంది అర్థం. చదువు అంటే విద్య, విద్య అంటే జ్ఞానం అని రాసుకున్న పిల్లలెవరికీ తెలియనంత బాగా వాడికి ఆ మాట తెలుసు. కథ పేరైన ఆ చిన్న సమాధానంలో కూడా చదువన్న మాట లేదు. నేను బి.ఏ.లో వుండగా మొదటిసారి చదివాను. ఇప్పటికీ ఆ కథ పేరు మామూలు గొంతుతో పైకి చదవలేను.

ఇప్పుడు మా ఉక్కునగరం సంగతి చెబుతాను. ఈ వూరి పిల్లలకి బుడుగుకి తెలియని మాటలు తెలుసు. అన్ని రాష్ట్రాలవాళ్లూ వున్నారు. ఒరియా పిల్ల, బెంగాలీ పిల్లాడు, మలయాళీ పిల్లలు, అందరూ కలిసి ఆడుకునేటప్పుడు ఎవరో ఒకరి నోట కొత్త మాట పుడుతూనే వుంటుంది, పక్కవాడు అర్థం చెబుతూనే వుంటాడు. "షిఫ్టు అంటే?" అని అడిగితే, "నాన్న పడుకున్నాడు, గట్టిగా అరవకండి అని అమ్మ పగలు కూడా అనడం" అంది ఒక పిల్ల. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన మనిషి ఇంటిని ఇంతకన్న బాగా నేనైతే వర్ణించలేను. "గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ" అంటే మీకు రెండు నదులూ ఒక దేవతా గుర్తొస్తారు. ఇక్కడి పిల్లల్ని అడిగితే ఇనుము కరిగించే బ్లాస్టు ఫర్నేసులు అంటారు. కర్మాగారంలో వాటికి పెట్టిన పేర్లే అవి. భూగోళం పాఠంలో గోదావరి నది అని వస్తే, ఫర్నేసు పేరు నదికి పెట్టారని ఒకడు వాదించాడు. వాడికి ముందు తెలిసింది అదీ మరి!

మా ఇంట్లో సాయంచేసే ఆవిడ మనవరాలు అప్పుడప్పుడు వాళ్ల మామ్మతో వస్తుంది. వడ్లపూడి వైపు నిర్వాసితుల కాలనీలో వుంటారు. మామ్మ అంట్లు తోముతూంటే ఆ పిల్ల నా బల్ల దగ్గర కూచుని తెలుగు పుస్తకం చదువుకుంటుంది. ఒకరోజు పేపర్లో "నిర్వాసితులు" అన్న మాట చూపించి, ఇది తెలుసా అన్నాను. తెలియదంటే సంధి విడదీసి చెబుదామని సిద్ధంగానే వున్నాను.

"తెలుసండి. మా తాత" అంది.

"అంటే?" అన్నాను.

"మా తాతేనండి. ఆడికో కార్డుంది. పెట్టిలో దాసీసినాడు. మమ్మల్ని ముట్టుకోనివ్వడు. మా వూరిప్పుడు లేదండి, పేరుంది."

నేను సంధి విడదీయలేదు. కర్మాగారంకోసం పల్లెలు ఖాళీ అయ్యాయని మనందరికీ తెలుసు. ఆ కార్డుల సంగతి పేపర్లలో చదివాం. ఆ మాట నిఘంటువులో చూస్తే వాసం లేనివాడు అని వుంటుంది. తప్పు కాదు. కాని ఆ పిల్ల తాతకి ఇల్లుంది, కాలనీలో వీధుంది. లేనిది వాసం కాదు, వూరు. వూరుపోయి పేరు మిగిలినవాణ్ణి ఏమంటారో ఆ పిల్ల చెప్పినంత నిక్కచ్చిగా పుస్తకం చెప్పలేదు. ఇంకో సంగతి కూడా గమనించాను. ఇదే పిల్ల తన వాచకం చదివేటప్పుడు "తాతగారు" అనీ, "దాచిపెట్టినారు" అనీ జాగ్రత్తగా పలుకుతుంది. నిజంగా తెలిసిన సంగతి చెప్పవలసి వచ్చేసరికి ఆ పలుకంతా పక్కకిపోయి ఇంటిమాట వచ్చేసింది. గిడుగువారు వాదించింది ఇదే కదా!

ఇలాంటి మాటలు పట్టుకోవడం చేతకాదని పెద్దవాళ్లు అనడానికి వీల్లేదు. చేసిన పెద్దలున్నారు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి ఆధ్వర్యాన సాహిత్య అకాడమీ "మాండలిక వృత్తిపదకోశం" తెచ్చింది. 1962లో వ్యవసాయం, 1971లో చేనేత. పండితులు గదిలో కూచుని రాసింది కాదు. రైతుల దగ్గరికీ నేతగాళ్ల దగ్గరికీ వెళ్లి, ఈ పనిముట్టుని మీరేమంటారు, ఇది దేనికి అని అడిగి, జిల్లాకో పేరు చొప్పున రాసుకొచ్చారు. ఇది దేనికి? చూశారా, రూత్ క్రాస్ పిల్లలు చెప్పిన పద్ధతే! గొప్ప శాస్త్రజ్ఞుడూ అయిదేళ్ల పిల్లవాడూ ఒకే దారిన మాట దగ్గరికి వెళ్లారు. మధ్యలో వున్న మన వాచకం మాత్రం రెండు గీతలు గీసి కూచుంది.

2021 జనవరిలో మా పిల్లలకి ఒక కొత్త మాట వచ్చింది. "పెట్టుబడుల ఉపసంహరణ." విశాఖ ఉక్కులో తన వాటా నూటికి నూరుపాళ్లూ అమ్మడానికి కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకున్న రోజులవి. ఎనిమిదో తరగతి కుర్రాడు ఆ మాటని ఒక్క తప్పు లేకుండా పలికాడు. అర్థం అడిగాను. "టీవీలో ఆ మాట రాగానే నాన్న సౌండు పెంచుతారు. అమ్మ పొయ్యి కట్టేసి వస్తుంది. ఎవరూ మాట్లాడరు" అన్నాడు. ఆర్థికశాస్త్రం ఒప్పుకోకపోవచ్చు, సాహిత్యం ఒప్పుకోవాలి. 2025 జనవరిలో పదకొండు వేల నాలుగువందల నలభై కోట్ల ప్యాకేజీ అని కేంద్రం ప్రకటించినప్పుడు, వాడి చెల్లెలు "ప్యాకేజీ ఎవరికి వచ్చింది? విప్పారా?" అని అడిగింది. పెద్దవాళ్లు నవ్వారు. కొంచెం ఆలోచించి, కొంచెం తక్కువ నవ్వారు.

"విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అన్న నినాదం ఇక్కడ పాలుతాగే పిల్లలకి కూడా వచ్చు. 1966లో ఆ మాటకోసం జనం రోడ్లమీదికి వచ్చారు, కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్లో ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగారం ప్రకటించింది, మర్నాటి ఏడు శంకుస్థాపన జరిగింది. ఉక్కు మన దక్షిణాది మాట. ఇక్కడి ఉక్కు పరదేశాలకి వెళ్లి, ఇంగ్లీషులో "వూట్జ్" అయింది. హక్కు అరబ్బీ మాట, ఉర్దూమీదుగా మనింటికొచ్చి స్థిరపడింది. రెండూ ఎక్కడివో అయినా ప్రాస కలిసింది. ప్రాస కలిసిన మాట పిల్లల నోట్లో తొందరగా కూచుంటుంది, అందుకే అర్థం అడగాలని మనకి తోచదు. అడిగాను. ఇక్కడ ఒక గడుసు వాక్యం వాళ్లచేత చెప్పించి మీ కళ్లు చెమర్చేలా చెయ్యడం నాకేం కష్టం కాదు. ఇరవయ్యేళ్లుగా నవలలు రాస్తున్నదాన్ని. కాని వాళ్లలా చెప్పలేదు. "సైకిలు తొక్కే వంతు నాదైనప్పుడు అన్నయ్య దిగకపోతే, అప్పుడు నేను ఏడుస్తానే, అది" అంది ఒక చిన్నపిల్ల. అంతే.

నా మనవి రెండు ముక్కలు. రచయితలకి: పిల్లవాణ్ణి కథలోకి తెచ్చినప్పుడు వాడిచేత నిర్వచనాలు చెప్పించకండి. వాడి "అప్పుడు" ఏమిటో కనుక్కోండి. వెంకటేశం మౌనం, బుడుగు తిట్టు, కృష్ణుడి సిగ్గు, ఇవి మూడూ నిలిచినట్టు ఏ పిల్లవేదాంతీ మన సాహిత్యంలో నిలవలేదు. వాచకాలు రాసే పెద్దలకి: పాఠం చివర ఆ రెండు గీతల పక్కన ఒక్క ఖాళీ గడి వదలండి. "ఈ మాట నీకెప్పుడు వినబడింది? ఎవరన్నారు?" అని అడగండి. మార్కులు వెయ్యకండి. మా వూళ్లో ఆ గడులు నిండితే చాలు, వృత్తిపదకోశానికి తరవాతి సంపుటం పిల్లల చేతిరాతలోనే దొరుకుతుంది. అందులో "ని" అక్షరం కింద ఒక తాతగారు, ఆయన పెట్టె, ఆ పెట్టెలో కార్డు కూడా వుంటాయి.